గ్రహణానికి జవాబుగా నిలబెట్టిన పిల్ల

పంతొమ్మిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను. దాని బరువు అలవాటైపోయిందని చాలాకాలం అనుకున్నాను. కాలేదు. సభలో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగి నీళ్ళు తాగిన ప్రతిసారీ అది గుర్తుకొచ్చేది. వినేవాళ్ళు నేను ఆవేశంతో ఆగాననుకునేవాళ్ళు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. పేరు రాయడం లేదు. నా పేరు రాస్తే ఒక అమ్మాయి పేరు కూడా రాసినట్టే అవుతుంది. ఆ హక్కు నాకు లేదు. ఇది సాకేనా? కొంత సాకే. మొదట్లోనే ఒప్పుకుంటున్నాను.

నేను సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా కరీంనగర్‌లోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ. బడి వదిలాక నా అసలు పని మొదలయ్యేది. మూఢనమ్మకాల మీద సభలు, వాదాలు, కరపత్రాలు, చిన్న పత్రికల్లో వ్యాసాలు. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించేవాణ్ణి. బాణామతి చేసిందని ఒక ముసలామెను చెట్టుకు కట్టేస్తే, వెళ్ళి ఆ తాడు విప్పినవాళ్ళలో నేనొకణ్ణి. వాటికి సిగ్గుపడను. ఇది చదివి ఎవరైనా 'హేతువాదుల బతుకు ఇంతే' అంటే వాళ్ళతో ఇప్పటికీ వాదిస్తాను. తప్పు హేతువుది కాదు. దాన్ని పట్టుకోవలసిన చోట వదిలేసింది నేను.

నా చెల్లెల్ని బెల్లంపల్లిలో ఇచ్చాం. బావ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్‌లో కాపురం, అత్త కూడా వాళ్ళతోనే. చెల్లెలికి ఐదో నెల నడుస్తున్నప్పుడు సూర్యగ్రహణం వచ్చింది. మా సంఘం వాళ్ళం క్వార్టర్ల పక్కన మైదానంలో షామియానా వేసి, గ్రహణం పట్టిన వేళకే అందరిచేతా తినిపించాలని నిర్ణయించాం. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు కొందరు వచ్చారు. పొయ్యి మీద మిర్చిబజ్జీలు వేగుతున్నాయి. అయితే మగవాళ్ళు తింటే ఎవరికి లెక్క? కడుపుతో ఉన్న ఆడమనిషి తినాలి. నా చెల్లెల్ని పిలుచుకొచ్చాను.

"అన్నా, నాకు భయమైతుంది. అత్త చూస్తుంది."

"చూడనీ. ఒక్కటి తిను. చాలు."

తిన్నది. చప్పట్లు మోగాయి. ఆమె నోట్లో ముద్ద దిగడం లేదని నాకు కనిపించింది. అయినా చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అత్త మైదానం అంచున నిలబడి నావైపు వేలు చూపిస్తూ అందరికీ వినిపించేలా అన్నది: "అన్న చెప్పిండని తిన్నది. పుట్టేటిది మొర్రితోటి పుట్టనీ, పిల్లనూ తల్లినీ కలిపి గా అన్న ఇంటికే తోల్త."

మొర్రి లేదు. ఆడపిల్ల పుట్టింది. స్వరూప అని పిలుద్దాం. పుట్టినప్పుడు పాదాల మీద కొంచెం ఉబ్బు ఉండేది. ముసలి అత్త వేలితో నొక్కి చూసి ఏదో గొణిగింది. కొన్ని నెలలకు ఉబ్బు దిగింది. నేను వ్యాసం రాశాను. గ్రహణం నాడు తిన్న తల్లి, చక్కటి బిడ్డ. ఆ వ్యాసం నాకు పేరు తెచ్చింది. సభలకు పిలుపులు వచ్చాయి. పిల్లకు మాటలు తొందరగా వచ్చాయి, చాలా తొందరగా. ఆరేళ్ళకే నా ఉపన్యాసాలు విని విని అప్పజెప్పేది. అప్పటినుంచి సెలవుల్లో నా వెంట తీసుకెళ్ళేవాణ్ణి. మంచిర్యాల, నిర్మల్, జగిత్యాల. స్టూలు వేసి మైకు అందేలా నిలబెట్టేవాళ్ళం.

"నేను కడుపుల ఉన్నప్పుడు మా అవ్వ గ్రహణం నాడు మిర్చి తిన్నది. మరి నాకేమైంది? మంచిగ చూడుండ్రి" అని అక్కడే ఒక చుట్టు తిరిగేది. మా వైపు తల్లిని అవ్వ అంటాం. జనం నవ్వేవాళ్ళు. పది ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క చుట్టు చేసేది.

ఒక పిల్లను రుజువుగా వాడుకోవడం తప్పని అప్పుడు నాకు తట్టిందా? లేదు. ఎవరైనా చెప్పినా వినేవాణ్ణి కాదు.

పదకొండేళ్ళు వచ్చాయి. ఎత్తు ఏడేళ్ళ పిల్లంత. తరగతిలో చివరి వరసలో కూర్చుంటే బోర్డు కనపడేది కాదు. మెడ కొంచెం వెడల్పు, వెనక జుట్టు మెడ కిందిదాకా మొలిచి ఉండేది. లెక్కల్లో సున్నాలు. "అన్నా, జర నువ్వు ఎవలకన్న పెద్ద డాక్టరుకు చూపియ్యి. మాకేం సమజైతది" అన్నది చెల్లెలు. నేను కరీంనగర్‌లో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్వరూప చేతివేళ్ళు చూశాడు, మెడ చూశాడు, పుట్టినప్పుడు పాదాలు ఉబ్బి ఉన్నాయా అని అడిగాడు. రక్తం తీసి హైదరాబాదుకు పంపాడు. కొన్ని వారాల తర్వాత రిపోర్టు వచ్చిందని కబురు చేస్తే నేనొక్కణ్ణే వెళ్ళాను.

ఆ గదిలో జరిగిన మాటల్లో ఒక్కటీ నేను మరచిపోలేదు.

"కూసోండ్రి సార్. మీరు సైన్సు చెప్తరు గద, మీకు చెప్పుడు అల్కగ. ఆడపిల్లకు ఎక్స్ క్రోమోజోములు రెండుండాలె. ఈమెకు ఒక్కటే ఉంది. తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు లేదు. కడుపుల పడ్డప్పుడే అయిపోయిన ముచ్చట. ఎందుకయిందంటే ఎవలం చెప్పలేం."

"మెదడు సంగతేంది సార్? తెలివి?"

"తెలివికి ఏం ఫికర్ లేదు. మాటలల్ల మిమ్ములను మించుతది. కాని మెదడుల ఒక భాగం జర వేరే తీరుగ పెరుగుతది. దిక్కులు, బొమ్మలు, లెక్కలు కష్టమైతయి. తెల్సిన గల్లీల గూడ తొవ్వ తప్పుతది. ముల్లుల గడియారం చూసుడు రాదు. ఎదుటోల్ల మొకం చూసి కోపమో నవ్వో పట్టుకునుడు గూడ కొందరికి ఆలస్యమైతది. మొండితనం అనుకునేరు. కొట్టకుండ్రి. గిది ఒక్కటి యాదికుంచుకోండ్రి."

"ఎత్తు?"

"ఇప్పుడు సూదులు మొదలువెడితె కొంత పెరుగుతది. ఏడాదో రెండేండ్లో పోయినంక పెద్దమనిషయ్యేటందుకు గోళీలియ్యాలె, లేకుంటె బొక్కలు గుల్లవడతయి. గుండె గూడ ఒకపారి చూపియ్యాలె. ఆలస్యం చేస్తె మాత్రం నా చేతుల ఏం లేదు. చెల్లెను, బావను తోల్కరాండ్రి, నేనే చెప్త."

"నేను చెప్త సార్."

ఆయన కాగితం నా చేతికిస్తూ నవ్వాడు. "గా గ్రహణం పాప ఈమెనేనట గద? మా కంపౌండరు చెప్పిండు. మరి ఇంక మంచిగాయె. గ్రహణానికి ఐదు నెలల ముందే అయిన పని ఇది. గిది గూడ మీ సభల చెప్పుండ్రి, జనానికి సమజైతది."

ఆ మాట ఎంత సరైనదో మీరు గమనించారా? నా చేతిలో ఉన్నది నా వాదానికి దొరికిన అన్నిటికన్నా గట్టి రుజువు. గ్రహణానికీ ఆ పిల్ల ఒంటికీ సంబంధం లేదని చెప్పే కాగితం. ముసలామె నోరు మూయించగల కాగితం. నా చెల్లెలు నిర్దోషి అని చెప్పే కాగితం. కానీ దవాఖాన మెట్లు దిగుతున్నప్పుడు నాకు కనిపించింది వేరు. మైదానం అంచున ముసలామె వేలు. 'పుట్టుకతోనే తేడా ఉన్నదట' అన్న ఒక్క ముక్క చాలు, ఐదు నెలల ముందా వెనకా అని ఎవరడుగుతారు? ఆ పిల్లను స్టూలెక్కించి ఐదేళ్ళు ఊరూరా తిప్పాను. నాకేమైంది చూడండి అని అడిగించాను. ఇప్పుడు జనం చూస్తారు.

ముప్పై ఏళ్ళు జనాన్ని రుజువును నమ్మండని అడిగినవాణ్ణి. రుజువు నా చేతికే వచ్చినప్పుడు ఆ జనాన్ని నమ్మలేకపోయాను. ఇంకా సూటిగా రాయాలి. జనం సంగతి తర్వాత, నా పేరు పోతుందని భయపడ్డాను.

బెల్లంపల్లి వెళ్ళి చెల్లెలితో చెప్పాను. "అంత మామూలేనట. కొందరు ఆలస్యంగ పెరుగుతరట."

"దేవుని దయ" అన్నది చెల్లెలు, రెండు చేతులూ ఎత్తి.

"దేవుని దయ కాదు, ప్రకృతి" అని సరిదిద్దాను.

అవును. ఆ పూట కూడా సరిదిద్దాను. ఇప్పుడు ఆ వాక్యం రాస్తుంటే నా నోటిమీద నాకే అసహ్యం కలుగుతోంది.

తర్వాతి సభ కాగానే చెబుదాం అనుకున్నాను. సభ అయింది. పిల్ల పరీక్షలు కాగానే అనుకున్నాను. అవి అయ్యాయి. ఒక ఏడాది గడిచాక, నిజం చెప్పాలంటే ఏడాదిగా చెప్పలేదని కూడా చెప్పాల్సి వచ్చింది. రెండేళ్ళకు రెండేళ్ళ లెక్క చెప్పాలి. అబద్ధం పెరిగే తీరు ఇదేనేమో. దాన్ని పెంచడానికి మనిషి ఏమీ చేయనక్కర్లేదు. ఊరకుంటే చాలు. కాగితాన్ని చించలేదు. నా వ్యాసాల కట్టలో పెట్టాను. రుజువును చించకూడదన్న నియమం ఒకటి నాకు మిగిలి ఉండింది. ఎంత గొప్ప నియమం!

ఇక మీకు చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనది. వేసవి సెలవుల్లో లెక్కలు నేర్పిస్తానని స్వరూపను కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. గోడ గడియారం దింపి ముందు పెట్టేవాణ్ణి. నాలుగుంబావు ఎట్లా ఉంటుంది, పావుతక్కువ నాలుగు ఎట్లా ఉంటుంది. ఆ పిల్లకు ముళ్ళు అటూ ఇటూ కలిసిపోయేవి. నా వ్యాసం ఒక పేజీ మొత్తం తప్పు లేకుండా చెప్పే నోరు, గడియారం ముందు మూగబోయేది. మడిచి పట్టుకున్న ఆమె వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాణ్ణి. ట్యూషన్‌కు వచ్చే పిల్లల ముందు నిలబెట్టి టైమెంత అని అడిగేవాణ్ణి. అందరూ ఘొల్లున నవ్వేవాళ్ళు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక ఆమె కూడా వాళ్ళతోపాటు కొంచెం నవ్వేది.

ఒకసారి నేను ఆమె మీదికి వంగి నిలబడి ఉంటే తలెత్తి అన్నది: "మామా, సూర్యునికి అడ్డమొచ్చిన చంద్రుడన్న జరసేపటికి పక్కకు జరుగుతడు. నువ్వు జరుగుతలేవు." ఆ మాటకు నవ్వాల్సినవాణ్ణి. మళ్ళీ కొట్టాను.

కొట్టవద్దని డాక్టరు చెప్పాడు. మరచిపోయి కొట్టలేదు. తెలుసు కాబట్టే కొట్టాను. ఆ పిల్ల తప్పిన ప్రతి లెక్కా ఆ కాగితాన్ని నాకు పైకి చదివి వినిపించేది. లెక్కలు వచ్చేస్తే కాగితం అబద్ధమవుతుందని ఆశపడ్డానా? క్రోమోజోము గురించి తరగతిలో బొమ్మ గీసి పాఠం చెప్పినవాణ్ణి, స్కేలు దెబ్బలతో అది మారుతుందని నమ్మానా? నేను ఎగతాళి చేసిన ఏ భూతవైద్యుడు ఇంతకన్నా ఎక్కువ నమ్మాడు?

ఆమె పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పింది. పదహారేళ్ళు దాటినా పెద్దమనిషి కాలేదు. అత్తా చెల్లెలూ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కి, స్వరూపను తీసుకుపోయి కోడెను పట్టించి గుడి చుట్టూ తిప్పించారు. తిరిగి వచ్చాక ఆ ఇంట్లో కూర్చుని నేను వాళ్ళను ఆడిపోసుకున్నాను. "ఎద్దును తిప్పితె పిల్ల పెరుగుతదా?" అన్నాను. చెల్లెలు తలవంచుకుని, "మరేం చేయాలె అన్నా, నువ్వే చెప్పు" అన్నది. అడిగింది చూడండి. నోరు తెరిచి అడిగింది. నేను చెప్పలేదు. చాయ్ తాగి బస్సెక్కాను.

ఇరవై మూడేళ్ళప్పుడు స్వరూప గడప దగ్గర కాలు తట్టుకుని పడితే మణికట్టు విరిగింది. అంత చిన్న పాటుకు ఎముక విరగడమేమిటని కట్టు కట్టిన డాక్టరుకు అనుమానం వచ్చి హైదరాబాదు పంపాడు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ మళ్ళీ రక్తం, మళ్ళీ అదే రిపోర్టు. ఎముకలు గుల్లబారాయి. గుండెలో ఒక కవాటం సరిగా లేదు, ఏటేటా చూపించుకుంటూ ఉండాలి. ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు, అది ఇక మారదు. గర్భాశయం పెరగలేదు. 'చిన్నప్పుడెవరూ చూడలేదా' అని ఆ డాక్టరమ్మ అడిగింది.

"చూపిచ్చినం మేడం" అన్నది చెల్లెలు. "మా అన్ననే చూపిచ్చిండు, కరీంనగర్ల. అంత మంచిగనే ఉన్నదన్నడట గా డాక్టరు. వాని చేతులు పడిపోను."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అందరూ నావైపు చూశారు. "చిన్న ఊర్లల్ల డాక్టర్లు గట్లనే ఉంటరు" అన్నాను.

ఇది రెండో తప్పు. మొదటిదానికి భయం అని పేరు పెట్టవచ్చు. దీనికి పేరు లేదు. ఏ తప్పూ చేయని మనిషిని, కొట్టకుండ్రి అని నన్ను బతిమాలిన మనిషిని, నా చెల్లెలు ఆరేడేళ్ళు పేరు పెట్టి తిట్టుకున్నది. నేను విన్నాను.

హైదరాబాదు డాక్టరమ్మ ఎముకల గురించి, గుండె గురించి, మందుల గురించి చెప్పింది. మెదడు సంగతి ఎవరూ అడగలేదు, ఆమెకూ చెప్పాలని తట్టలేదు. అంటే లెక్కలు, దిక్కులు, గడియారం, వాటి కారణం ఆ కుటుంబంలో ఎవరికీ తెలియదు. నాకు తప్ప. ముప్పై ఏళ్ళ స్వరూప ఇప్పటికీ తనను తాను మొద్దునని చెప్పుకుంటుంది, నవ్వుతూనే. ఓపెన్ స్కూల్లో ఎట్లాగో పది గట్టెక్కి, ఒక అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పుకుంటూ బతుకుతున్నది. చుట్టుపక్కల ఆ పిల్లలంత మాటకారి పిల్లలు లేరని తల్లులు అంటారు.

మొన్నటి వానాకాలంలో వెళ్ళాను. అత్త పోయి చాలా ఏళ్ళయింది. అత్తకు భయపడాల్సిన పని కూడా ఎప్పుడో అయిపోయింది. అంగన్‌వాడీలో పిల్లలు వెళ్ళిపోయాక చిన్న కుర్చీలో కూర్చుని కాగితం స్వరూప చేతిలో పెట్టాను. డాక్టరు చెప్పిందంతా వరసగా చెప్పాను. ఆమె తేదీ చూసింది.

"అప్పుడు నాకు పదకొండేండ్లు."

"అవును."

"గీ కాయిదం వచ్చినంక గూడ నన్ను స్టేజీ ఎక్కిచ్చినవా మామా? నాకేమైంది చూడుండ్రి అని అడిగిచ్చినవా?"

"నాలుగుసార్లు."

"లెక్క మంచిగ యాదికున్నది నీకు" అన్నది. ఆమె మాటలో వెటకారం ఉన్నదో లేదో నాకు తెలియలేదు. మళ్ళీ కాగితం వైపు చూసి అడిగింది: "అంటే లెక్కలు రాకపోవుడు నా మొండితనం కాదన్నట్టు."

"కాదు."

"గా ఒక్క ముక్క చెప్పకపోతివి మామా. సూదులు లేకుంటె లేకపాయె. గా ఒక్క ముక్క చెప్తె అయిపోతుండె."

ఏడవలేదు. కాగితం మడిచి తన సంచిలో పెట్టుకున్నది. "అవ్వకు నేను చెప్ప. నువ్వే చెప్పు" అని చాపలు చుట్టడం మొదలుపెట్టింది. సాయం పట్టబోతే వద్దన్నది.

చెల్లెలికి చెప్పాను. నిలబడే వింటూ ఉన్నది. అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మాకు సదువు రాదని గదా అన్నా, నిన్ను తోలింది" అన్నది. తర్వాత, అంతకన్నా మెల్లగా: "నేను గా దినం తిన్నందుకే పిల్లకు గిట్లయిందని ఇన్నేండ్లు కుమిలిన. నీకు చెప్తె కోప్పడుతవని చెప్పలే."

ముప్పై ఏళ్ళు. నా సొంత చెల్లెలు. వేలమందికి గ్రహణం నీడ మాత్రమేనని చెప్పిన మనిషి తోడబుట్టినది, ఆ నీడే తన బిడ్డ మీద పడిందని నమ్ముతూ, నాకు భయపడి దాచుకుంటూ బతికింది. ఆ నమ్మకాన్ని తీసేసే కాగితం నా దగ్గర పంతొమ్మిదేళ్ళు ఉన్నది. మూఢనమ్మకాన్ని నేను ఒక ఇంట్లో నా చేతులతో పెంచి పోషించాను.

ఆ రోజు నుంచి చెల్లెలు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తదు. స్వరూప ఎత్తుతుంది, బాగున్నానంటుంది, పెట్టేస్తుంది. ఆ డాక్టరును వెతికాను. కరీంనగర్ వదిలి ఎటో వెళ్ళిపోయాడట, ఎవరికీ సరిగా తెలియదు. క్షమించమని నేనెవరినీ అడగలేదు. అడిగితే వాళ్ళకు మరో పని అప్పగించినట్టవుతుంది. నా పనులు వాళ్ళు ఇప్పటికే చాలా మోశారు.

మరి మీకెందుకు చెప్పాను? మీ తీర్పు కోసమా? కాదనుకుంటాను. ఎన్నో వేదికల మీద ఎన్నో వాక్యాలు గట్టిగా పలికాను, ఈ ఒక్కటి తప్ప. పలకకుండా ఆపి ఉంచడానికే నా బలమంతా పోయింది. ఇప్పుడు ఆ పని లేదు. అది ఇదిగో, అచ్చులో ఉంది, దీన్ని నేను వెనక్కి తీసుకోలేను: ఆ పిల్ల తప్పు ఏమీ లేదని నాకు తెలుసు, తెలిసే కొట్టాను.